ఆయుధపూజకు కరిగిపోయిన స్ఫటికాలు

కర్నూలులో నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబులో గోడవారగా ఒక ఇంక్యుబేటర్ ఉండేది. చూపుకు చిన్న ఫ్రిజ్ మాదిరి ఉంటుంది. లోపలి వేడి ఇరవై డిగ్రీల నుంచి అటూ ఇటూ పోకుండా చూడటమే దాని పని. బయట ఎండ ఎట్లా మండినా దాని కడుపులో మాత్రం ఒకటే వాతావరణం. మా అటెండరు దాన్ని చల్లపెట్టె అనేవాడు. నాకూ ఆ మాటే అలవాటైంది.

ఆ చల్లపెట్టె పై అరలో నా రాబోయే బతుకంతా ఉండేది. మాట పెద్దదిగా అనిపిస్తే విడమరిచి చెబుతాను.

వేరుశనగకు, మా వైపు బుడ్డలంటాం, తేమ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజు ఒక విషాన్ని తయారు చేస్తుంది. అది తిన్నవాళ్ళ కాలేయాన్ని పాడు చేస్తుంది. ఆ విషం తయారీలో పనిచేసే ఒక ప్రొటీన్ ఏ రూపంలో ఉంటుందో తేల్చడం నా పరిశోధన. రూపం తెలిస్తే దాని పనికి ఎక్కడ అడ్డు పెట్టాలో తెలుస్తుంది. అయితే ప్రొటీన్ రూపం మామూలు మైక్రోస్కోపుకు అందదు. దాన్ని కలకండ పలుకులాగా గట్టిపడేట్టు చేసి, ఆ పలుకు మీద ఎక్స్‌రేలు వేసి, అవి చెదిరిన తీరును బట్టి లెక్కగట్టాలి. ఆ పలుకే స్ఫటికం. దానికోసం ప్లాస్టిక్ ట్రేలోని చిన్న చిన్న గుంతల్లో రకరకాల ఉప్పునీళ్ళు పోసి, గాజుబిళ్ళకు ప్రొటీన్ బొట్టు అంటించి, బొట్టు కిందికి వేలాడేట్టు ఆ బిళ్ళను గుంతకు మూతగా బోర్లించి, కదపకుండా ఒకే వేడిలో ఉంచాలి. తర్వాత ఎదురుచూడటమే. ఏ గుంతలో పడుతుందో, అసలు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఏళ్ళ తరబడి ఖాళీ బొట్లు చూసి కళ్ళు కాయలు కాచిన వాళ్ళను నేనెరుగుదును. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ ఏడు దసరాకు ముందు నా గుంతలు కొన్నింట్లో స్ఫటికాలు పడ్డాయి. సన్నగా, సూదుల కట్టల్లాగా.

అప్పటికే థీసిస్ ఇచ్చేశాను. ఫెలోషిప్ ఆగిపోయింది. పీహెచ్‌డీ అయ్యాక సైన్సులో నిలబడాలంటే మరో ల్యాబులో చేరి, కొన్నేళ్ళు పనిచేసి, సొంతంగా పరిశోధన చేయగలనని చూపించుకోవాలి. దాన్ని పోస్ట్‌డాక్ అంటారు. మా సొంతూరు ఎర్రగుంట్లలో మా వాళ్ళకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. మా మేనత్త అయితే, "డాక్టరైతినంటివి, సూది వెయ్యవు, మందు రాయవు, ఇంగా సదువుతా అంటావు. నువ్వేం డాక్టరువు మే?" అనేది.

ప్రొటీన్ల రూపాలు తేల్చే మంచి ల్యాబులు దేశంలో ఎన్నో లేవు. వాటిలో పోస్టు పడిన సంగతి మా జిల్లాలకు చేరేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. చేరినా, "అవన్నీ పెద్దోళ్ళ పిల్లలకులే" అని మేమే వదిలేస్తాం. ఆ ఏడు మాత్రం నేనే వెతికి పట్టుకున్నాను. దూరపు నగరంలో ఒక పెద్ద సంస్థ, ఒకే ఒక్క పోస్టు. స్వతంత్రంగా ఆలోచించగలిగే వాళ్ళు కావాలని ప్రకటనలో రాశారు. ఆ ల్యాబు నడిపే శాస్త్రవేత్త ఒకామె. నేను పంపిన ఫొటోలు చూసి ఫోన్ చేసింది.

"సూదులు మరీ సన్నం. ఎక్స్‌రేకు నిలబడవు. ఇంకొంచెం లావు పెరిగితే పనికొస్తాయి. దసరా అయ్యాక వీడియోలో మాట్లాడుకుందాం, మీ గైడును కూడా కూర్చోమనండి. వేరేవాళ్ళ దరఖాస్తులు కూడా నా దగ్గరున్నాయి, అది చెప్పకపోతే బాగుండదు."

అంటే పోస్టు ఆ సూదుల మీద ఆధారపడి ఉంది. సూదులు చల్లపెట్టె మీద ఆధారపడి ఉన్నాయి.

మా విభాగాధిపతే నా గైడు. ఎంజైముల గురించి ఆయన పాఠం చెబితే వినబుద్ధయ్యేది, అది దాచను. అయితే ప్రతి ఆయుధపూజకూ ముందురోజు సాయంత్రం ల్యాబులోని యంత్రాలన్నింటినీ ఆపించి, తుడిపించి, పసుపు కుంకుమ పెట్టించేవాడు. మర్నాడు పూజ. ఆ రోజంతా ఏ పనిముట్టుకూ పని చెప్పకూడదు. పండగ ముగిశాకే మళ్ళీ స్విచ్చులు వేయాలి.

ఇక్కడ నా పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. మా నాయన సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే సెక్షన్‌లో పనిచేశాడు. ఆదివారాలు యూనియన్ గదిలో చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, జాతకం నిజమా, మతం మారితే కులం పోతుందా, ఇట్లాంటివి. అక్కడొక నియమం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి. "ఔ, నేననింది ఇదే" అని వాడు ఒప్పుకున్నాకే దాన్ని ఖండించాలి. నేను ఆ గదిలో గోడకానుకొని పెరిగాను.

కాబట్టి ఆయుధపూజ వాదాన్ని కూడా ముందు నేనే చెబుతాను. ఏడాదంతా మనకు అన్నం పెట్టే పనిముట్టుకు ఒక రోజు విశ్రాంతినివ్వడం కృతజ్ఞత. వడ్రంగి ఉలి కింద పెడతాడు. ఎర్రగుంట్లలో లారీలు కడిగి, దండలేసి, రోడ్డు పక్కన నిలబెడతారు. పనిని గౌరవించే ఆ గుణం మంచిదే. నాకు దాంతో పేచీ లేదు. ఉలి ఒక రోజు కదలకపోతే కొయ్య చెడిపోదు. కానీ ఆపడానికి వీల్లేని పని చేసే యంత్రాలు వచ్చి ఎన్నేళ్ళయింది? ఆస్పత్రిలో రోగికి ఊపిరి పోసే మిషనుకు పసుపు పెడితే పెట్టుకోండి. స్విచ్చి తీస్తారా?

పండగకు హాస్టల్ మెస్సు మూసేశారు. ల్యాబుకు కూడా తాళం వేస్తున్నారు. ఊరికి పోయే ముందు సారును అడిగాను.

"సార్, ఇంక్యుబేటర్ ఒక్కటి ఆపకుండా ఉంచండి. ఇంటర్వ్యూ దాని మీదే ఉంది."

"సరేలేమ్మా, నాకు తెలీదా" అన్నాడు.

నమ్మకం చాలక చల్లపెట్టె తలుపు మీద కాగితం కూడా అంటించాను. ఆపవద్దు, లోపల స్ఫటికాలున్నాయి అని.

తిరిగొచ్చేసరికి చల్లపెట్టె పెండ్లికూతురు మాదిరి ఉంది. తలుపుకు బంతిపూల దండ, నడిమధ్య పసుపు ముద్ద మీద కుంకుమ, పైన నిమ్మకాయ. నా కాగితం పక్క బల్ల మీద భద్రంగా మడిచిపెట్టి ఉంది. గోడ దగ్గర స్విచ్చి ఆపేసి ఉంది. తలుపు తీస్తే లోపల వేడి గాలి. ట్రేను మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో గుంతా చూసుకుంటూ పోయాను. సూదులు లేవు. అన్ని బొట్లూ తేటగా, మొదటి రోజు పెట్టినట్టున్నాయి.

అటెండరును పిలిచాను. ఆయన మా నాయన వయసువాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేనేం జేద్దు పాపా. కాగితం సూసి సారుకు జెప్తి. నువ్వు ఆపు, నేను జూసుకుంటాలే అనె. ఆపితి."

సారు గదికి పోయాను. ఆయన ముందర ప్రసాదం డబ్బా ఉంది. దాన్ని నా వైపు జరిపాడు.

"కూర్చోమ్మా. కొంచెం తీస్కో."

"ఎందుకాపినారు సార్?"

"అన్నిటికీ పూజ జేసి దాన్నొక్కదాన్ని ఇడ్సిపెడితే ఎట్లమ్మా? ఒక్కరోజు. యంత్రానికీ ప్రాణముంటాది."

"ప్రాణముంటే ఊపిరి ఆపితే ఏమైతుంది సార్?"

"ఇదో, ఈ ఎదురుమాటలే వద్దనేది. పూజకు నిలబడవు, ప్రసాదం ముట్టవు. ఇంగ ఎట్ల కలిసొస్తాది నీకు?"

"కరిగింది నా నమ్మకం కాదు సార్, ప్రొటీన్. వేడికి కరిగింది."

ఆయన గొంతు తగ్గించాడు. "జరిగింది జరిగిపాయ. ఆ మేడంకు కరెంటు పోయిందని జెప్పు. కర్నూల్లో కరెంటు పోతాది, ఎవురైనా నమ్ముతారు. నేను గూడా అదే జెప్తా."

నాకు ఒళ్ళు మండింది ఇక్కడ. యంత్రం ఆపినందుకు కాదు. ఏం జరిగిందో తెలిసి కూడా, దానికి ఇంకో కారణం అంటగట్టి పంపమన్నందుకు. సైన్సులో మేం చేసే పనల్లా ఒకటే. ఏది దేనివల్ల జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఆ ఒక్కటి కూడా వద్దంటే మాకు ల్యాబెందుకు, గుడి చాలదా?

చేసేదేమీ లేక చల్లపెట్టె మళ్ళీ వేసి, ట్రేను దాని అరలో పెట్టి హాస్టలుకు పోయాను. ఆ పాతకాలపు మిషను చల్లబడటం కూడా మెల్లమెల్లగానే. కొద్దిరోజులు ఆ తలుపు తీయబుద్ధి కాలేదు. తీరా పారేసే ముందు ఒకసారి చూద్దామని మైక్రోస్కోపు కింద పెడితే, కొన్ని గుంతల్లో పలుకులున్నాయి. సూదులు కాదు. అంచులు తీరిన, లావాటి పలుకులు. వాటిలాంటివి నేను అప్పటిదాకా ఫొటోల్లో మాత్రమే చూశాను.

కారణం ఊహించడం కష్టం కాదు. మొదట ఒకేసారి ఎక్కువచోట్ల మొదలై, ఏదీ లావు కాలేక, సూదులుగా మిగిలాయి. వేడికి అన్నీ కరిగాయి. మెల్లగా చల్లబడేసరికి తక్కువచోట్ల మొదలై, ఆ కొన్నే లావయ్యాయి. బెల్లం పాకం దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇది వింత కాదు. కానీ ఊహ ఊహే. మళ్ళీ చేసి చూస్తేగాని నిజమని చెప్పలేం.

నేనింకా ఫొటోలు తీస్తుండగానే వార్త సారుకు చేరింది. ఆయన వచ్చి మైక్రోస్కోపులోకి తొంగిచూసి, కండ్లద్దాలు తీసి, తుడుచుకున్నాడు.

"సూస్తివా? తిట్టుకుంటివే. అమ్మవారు కరిగించింది, అమ్మవారే ఇచ్చింది."

ఆ సాయంత్రానికి విభాగం వాట్సప్ గ్రూపులో నా స్ఫటికం ఫొటో, దాని పక్కన అమ్మవారి పటం, కింద దండం పెట్టే చేతులు. డిగ్రీలు పీహెచ్‌డీలు ఉన్నవాళ్ళు వరసగా శుభాకాంక్షలు పెట్టారు. నాకు కాదు, అమ్మవారికి. మర్నాడు నా జూనియర్లు తమ ట్రేలు తెచ్చి చల్లపెట్టె మీది నిమ్మకాయ పక్కన కాసేపు పెట్టి తీసుకుపోవడం నా కళ్ళతో చూశాను. వాళ్ళను నేనేమీ అనలేదు. ఏళ్ళ తరబడి ఖాళీ బొట్లు చూసినవాళ్ళు ఏ దారి చూపించినా పోతారు. చూపించినవాణ్ణి అనాలి.

వీడియో కాల్ రోజు సారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆమె ఫొటోలు చూసి, "సూదుల నుంచి వీటికి ఎట్లా వచ్చారు?" అంది.

నేను నోరు తెరిచేలోపే సారు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. తమ ల్యాబులో పరిస్థితులను ఎంతో జాగ్రత్తగా అదుపులో పెడతామని, మధ్యలో దురదృష్టవశాత్తూ కరెంటు పోయిందని. ఆమె అంతా విని, "మీరు చెప్పండి" అంది, నా వైపు చూస్తూ.

ఆ ఒక్క క్షణంలో నాకు తెలుసు, పక్కనున్న మనిషి రాసే సిఫార్సు మీద నా పోస్టు సగం ఆధారపడి ఉందని. చెప్పాను. కరెంటు పోలేదని, ఆయుధపూజకు ఇంక్యుబేటర్ ఆపారని, గది వేడికి స్ఫటికాలన్నీ కరిగాయని, మళ్ళీ వేశాక మెల్లగా చల్లబడి ఇట్లా పెరిగాయని. సారు కుర్చీలో కదిలాడు.

ఆమె నవ్వలేదు, జాలిపడలేదు. "మళ్ళీ చేసి చూశారా?"

"ఇంకా లేదు."

"ఒకసారి జరిగింది నాకు పనికిరాదు. మళ్ళీ చేయండి. ఈ నెలాఖరుకు నేను ఎవరో ఒకరిని తీసుకోవాలి."

కాల్ ముగిసింది. నన్ను అందరిముందూ నవ్వులపాలు చేస్తివని సారు రుసరుసలాడాడు. అది నేను ఊహించిందే. ఊహించనిది ఆ తర్వాత వచ్చింది. ఇంక్యుబేటర్‌ను ఒక పూట ఆపి, మళ్ళీ వేయడానికి అనుమతి కావాలన్నాను.

"కుదరదు" అన్నాడు.

"మొన్న మీరే ఆపినారు గదా సార్."

"అది పూజకు. ఇప్పుడు నువ్వు ఆపేది అమ్మవారిని పరీక్ష జేసేదానికి. నా ల్యాబులో అది జరగదు."

విన్నారు కదా. పూజ కోసం ప్రయోగాన్ని చెడగొట్టొచ్చు. ప్రయోగం కోసం అదే స్విచ్చి తీయడానికి వీల్లేదు. ఈ మనిషి పిల్లలకు ప్రయోగం ఎట్లా చేయాలో బోర్డు మీద రాసి చెప్పేవాడు. పోల్చి చూడటానికి ఇంకో ట్రే పెట్టుకోవాలని నాకు నేర్పింది ఆయనే. బోర్డు చెరిపేశాక ఆ పాఠం ఆయనకు అక్కర్లేదు. పరీక్ష అంటే అవమానం అనుకునే చోట ఎన్ని కోట్ల యంత్రాలు కొనిపెట్టినా ఏం ఒరుగుతుంది?

ఫ్రీజరులో మిగిలిన ప్రొటీన్‌ను ఐసుగడ్డల డబ్బాలో సర్దుకొని కడప బస్సెక్కాను. అక్కడొక చిన్న కాలేజీలో నా సీనియర్ ఒకామె పాఠాలు చెబుతుంది. క్రైస్తవ కుటుంబం, ఆదివారం చర్చికి పోకుండా ఉండదు. వాళ్ళ కాలేజీలో ఒక పాత ఇంక్యుబేటర్ ఉంది. దానికి ఎవరూ ఏనాడూ పసుపు పెట్టలేదు. సంగతంతా విని ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఈడ పెరిగితే మా ప్రభువు ఖాతాలో ఏస్తారేమో సూడుమే."

"అందుకే చెప్తాండా అక్కా. ప్రార్థన గూడా చెయ్యొద్దు."

"మనసులో అనుకుంటే?"

"అదీ వద్దు."

"అనుకోకుండా అనుకుంటే?"

"నువ్వు కాలేజీకే రావొద్దు అక్కా, తాళం నాకియ్యి."

రెండు ట్రేలు పెట్టాను. రెంటిలోనూ సూదులు పడేదాకా ఆగాను. తర్వాత ఒకదాన్ని ఇరవై దగ్గరే కదపకుండా ఉంచాను. రెండోదాన్ని వేడి గదిలో పెట్టి కరిగించి, థర్మకోల్ పెట్టెలో మూసి, మెల్లగా చల్లారేట్టు ఆ పెట్టెతోనే తిరిగి లోపల పెట్టాను. ఆమె మాట నిలబెట్టుకొని రోజూ తలుపు దగ్గరి నుంచే, "ఏమన్నా పడినాయా?" అని అడిగి పోయేది. కదపని ట్రేలో సూదులు సూదులుగానే ఉన్నాయి. కరిగించిన ట్రేలో, అన్నింట్లో కాదు, కొన్ని గుంతల్లో లావాటి పలుకులు పడ్డాయి.

కర్నూలుకు తిరిగొచ్చి రెండు రకాల ఫొటోలూ సారు బల్ల మీద పెట్టాను. యూనియన్ గది నియమం తప్పలేదు. "మీరనింది పూజ వల్లే పెరిగాయని. ఔనా సార్?" అన్నాను.

"ఔను."

"కడపలో పూజ లేదు. ప్రార్థన కూడా లేదు. అక్కడా పెరిగాయి."

ఆయన ఫొటోలను తృప్తిగా చూసుకున్నాడు. "అమ్మవారికి కర్నూలేంది, కడపేంది? అందరికీ తల్లే గదా."

యూనియన్ గదిలో పెరిగినదాన్ని నేను. నాకు చాలామంది అడ్డంగా వాదించేవాళ్ళు తెలుసు. కానీ ఓడిపోవడానికి తన వాదంలో ఒక్క సందు కూడా ఉంచుకోని మనిషితో ఏం మాట్లాడాలో మా నాయన గాని, ఆయన స్నేహితులు గాని నాకు నేర్పలేదు. స్ఫటికం పడితే దయ. పడకపోతే నా నాస్తికత్వం. కరిగితే పరీక్ష. పెరిగితే వరం. ఏం జరిగినా చెల్లే ఈ జవాబుతో, ఒక్క బుడ్డకు పట్టే బూజునైనా ఆపగలమా?

నెలాఖరు కాల్‌కు కూడా సారు వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆయనేం మాట్లాడలేదు. ఆమె రెండు ట్రేల ఫొటోలూ ఒక్కోటీ పెద్దవి చేసి చూసింది. స్ఫటికాలు పడని గుంతలవి కూడా పంపడం బాగుందంది.

"పక్కపక్క గుంతలు. అవే నీళ్ళు, అదే ప్రొటీన్, ఒకేసారి కరిగించారు. ఒకదాంట్లో పడి, ఇంకోదాంట్లో ఎందుకు పడలేదు?"

"తెలియదు మేడం" అన్నాను. "రెండు మూడు ఊహలున్నాయి. ఒక్కదాన్నీ ఇంకా పరీక్షించలేదు."

ఆమె కిందికి చూసి ఏదో రాసుకుంది.

"ఆ ఊహల్ని ఇక్కడికొచ్చి పరీక్షించండి. ఆర్డరు మా ఆఫీసు నుంచి వస్తుంది. ట్రేలు రైల్లో ఒళ్ళో పెట్టుకొని రండి, లగేజీలో వేయకండి."

స్క్రీను ఆరిపోయింది. సారు నా వైపు తిరిగాడు. మొహంలో నిజంగానే సంతోషం ఉంది, కాదనను.

"సూస్తివా? తెలీదని జెప్పినా పోస్టు ఇచ్చిరి. ఇంగ ఇది ఎవురి దయ అనుకోవల్ల?"

"తెలియదన్నందుకే ఇచ్చినారు సార్. ఇన్నేండ్లలో ఆ మాట మీ నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు."

కోపమొచ్చి ఉంటే బాగుండేది. ఆయన నవ్వాడు.

"సూడు, నీ నోట ఎంత బాగ పలికిస్తాండాదో అమ్మవారు."

నేను ట్రేలు సర్దుకోవడానికి లేచాను.